కుడి భుజం కొంచెం కిందికి

ఫిబ్రవరి 6

గువ్వా,

నువ్వు పంపిన మోకాలి పట్టీ అందింది. వేసుకున్నాను. మిషను తొక్కుతుంటే మోకాలు మునుపటిలా మూలగడం లేదు. చల్లగా ఉండు తల్లీ. ఉత్తరం రాయడానికి ఇన్నాళ్లు పట్టిందని కోప్పడకు. ఫోనులో మాట్లాడదామంటే నా సంగతి నీకు తెలిసిందే, ఇన్నేళ్ల మిషను మోత చెవుల్లోనే కాపురం పెట్టేసింది. మొన్న నువ్వొకటి చెప్తే నేనొకటి విని, చివరికి ఇద్దరం కాసేపు ఏడ్చి ఫోను పెట్టేశాం. ఉత్తరమైతే అర్థం కానిచోట మళ్లీ చదువుకోవచ్చు.

మీ అన్నయ్య పోయాక కుట్టుగదిలో నేనేమీ కదల్చలేదు. కిటికీ పక్కన వాడి కటింగ్ బల్ల, బల్ల చివర కంప్యూటరు, కింద పెద్ద ప్రింటరు అలాగే ఉన్నాయి. వాడి కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. ఆఖరికి గుడ్డలు కూడా పెట్టడం లేదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న లెక్కల టీచరుగారు వచ్చారు. వీపు వంగిన ఆవిడే. ఉద్యోగం ఆఖరి రోజున వేసుకోవడానికి కోటు కావాలట. నేను టేపు తీశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "నా వీపు కొలత మీవాడు ఎప్పుడో తీశాడు కదమ్మా. మళ్లీ ఎందుకు?" అన్నారు. నిజమే. మన కొట్టుకి వచ్చేవాళ్లు బజారు బట్టలు పట్టనివాళ్లు. ఒకసారి కొలిపించుకోవడమే వాళ్లకి కష్టం. అందుకే కదా నా పెద్దోడు, మీ అన్నయ్య, ఒకసారి కొలిచి, కంప్యూటర్లో గీసి, ఇక జన్మలో టేపు తియ్యకుండా కుట్టేవాడు.

సరే అని, వాడు నాకు నేర్పిన ప్రకారం కంప్యూటరు పెట్టాను. పేర్లన్నీ ఉన్నాయి. 'టీచరుగారు', 'లిఫ్టాయన', 'పొడుగాయన', 'అమ్మ', అన్నీ. కానీ ఇదివరకు పేరు పక్కన పచ్చటి టిక్కు ఉండేది. ఇప్పుడు అక్కడ చిన్న మబ్బు బొమ్మ ఉంది. టీచరుగారి పేరు నొక్కితే ఒక చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది, ఆఖరికి 'తెరవడం కుదరలేదు' అని వచ్చింది. కింద జిరాక్సు తమ్ముడిని అడిగితే, "నెట్టు తీగ తెగింది అక్కా, వీధంతా లేదు" అన్నాడు. నాకు మాత్రం ఇంకోలా తోచింది. కొక్కేనికి వాడి చొక్కాలు వేలాడుతున్నాయి, లోపల మనిషి లేడు. ఇక్కడ పేర్లు వేలాడుతున్నాయి, లోపల గీతలు లేవు.

వాడి గీతలు లేకపోతే ఈ కొట్టు నేను నడపలేనే. నాకు కుట్టడం వచ్చు, కొలత నుంచి గీత తియ్యడం రాదు. ఏం చెయ్యాలో రాయి.

చలి బాగా ఉంది. పెద్దోడు కుట్టిన కోటే వేసుకుని రాస్తున్నాను. ఊరందరికీ నేను కుడుతుంటే, నా ఒక్కదాని కోటు మాత్రం తనే కుడతానని ఏటా పట్టుపట్టేవాడు గుర్తుందా? కత్తెర పట్టుకుంటే అంత పనివాడు, సూది పట్టుకుంటే ఇంతే. కొక్కేనికి తగిలిస్తే కుడి భుజం కిందికి జారిపోయి ఉంటుంది. ఏటా తిట్టేదాన్ని. "వచ్చే ఏడు సరిచేస్తాలే అమ్మా" అని నవ్వేవాడు. ఆ వంకర కోటే ఇప్పుడు నాకు వెచ్చన.

మీ అమ్మ


ఫిబ్రవరి 11

అమ్మా,

నీ ఉత్తరం ల్యాబులోనే చదివాను. చదువుతూ కళ్లు తుడుచుకుంటుంటే మా పెద్ద టెక్నీషియను "ఇంటి ఉత్తరమా, పళ్లెంలో రక్తం సీసాలున్నాయి, అవతలికెళ్లి ఏడు" అంది. మంచిదేలే, మాట అంతే.

ముందుగా భయపడకు. గీతలు ఎక్కడికీ పోలేదు. నీ కంప్యూటర్లో కనబడేవి బీరువాకి అంటించిన చీటీల్లాంటివి. సరుకు వేరేచోట, పెద్ద పెద్ద కంప్యూటర్లున్న గోదాంలో ఉంది. చాన్నాళ్లు ఎవరూ తెరవని ఫైలుని కంప్యూటరే పైకి పంపేసి, చీటీ మాత్రం ఇక్కడ ఉంచుతుంది, చోటు మిగులుతుందని. అన్నయ్య పోయాక ఎవరం తెరవలేదు కదా. అందుకే మబ్బు బొమ్మ వచ్చింది. నెట్టు ఉంటే నొక్కగానే దిగి వస్తుంది. నెట్టు లేదు కాబట్టి రాలేదు. అంతే.

నెట్టు వచ్చాక ఇలా చెయ్యి. పేరు మీద మౌసు కుడివైపు నొక్కు. 'ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచు' అని వస్తుంది. అది నొక్కితే నిండు పచ్చ టిక్కు పడుతుంది. ఇక నెట్టు ఉన్నా లేకపోయినా తెరుచుకుంటుంది.

అవే ఫైళ్లు నా దగ్గర కూడా ఉన్నాయి. అన్నయ్య తన పాత లాప్‌టాప్ నాకిచ్చినప్పుడు ఆ ఫోల్డరు అలాగే ఉంచాడు. కాబట్టి నీ కంప్యూటరుకి ఏమైనా దిగులు లేదు.

అన్నయ్య చొక్కాలు మాత్రం నేనొచ్చేదాకా తియ్యకు. ఇద్దరం కలిసి చూద్దాం.

గువ్వ


ఫిబ్రవరి 18

నా బంగారు గువ్వా,

నీకు చదువు చెప్పిన వాళ్లందరికీ దండం పెట్టాలి. నువ్వు చెప్పినట్టే చేశాను. నెట్టు వచ్చింది, టీచరుగారి గీతలు దిగాయి, పెద్ద ప్రింటరు కాగితాల మీద కాగితాలు కక్కింది. అంటించి పరిచి చూస్తే వాడి చెయ్యే. వీపు దగ్గర ఆ వంపు, మెడ దగ్గర ఆ చిన్న మడత, వాడు తప్ప ఎవరూ గియ్యరు. కాగితం మీద చెయ్యి వేసుకుని కాసేపు అలాగే నుంచున్నాను.

ఆ హుషారులో అన్ని పేర్ల మీదా 'ఈ కంప్యూటర్లోనే ఉంచు' నొక్కేశాను. వరసగా పచ్చ టిక్కులు పడుతుంటే విత్తనాలు మొలకెత్తుతున్నట్టు ఉంది. తెల్లారేసరికి ఎర్ర గీత ఒకటి వచ్చి, 'చోటు లేదు, చోటు లేదు' అని ఒకటే గోల. ప్రింటరు కూడా మొరాయించింది. జిరాక్సు తమ్ముడిని పిలిచాను. "కంప్యూటరు పీకలదాకా నిండిపోయింది అక్కా. ఏవైనా పాతవి తీసేస్తే తేలికవుతుంది" అన్నాడు.

అప్పుడు నీ ఉత్తరం మళ్లీ చదివాను. అవే ఫైళ్లు నీ దగ్గరా ఉన్నాయన్నావు. ఒకే కటింగ్ కాగితం రెండు ఇళ్లలో ఎందుకు, నా దగ్గర చోటు లేనప్పుడు? నీ దగ్గర ఉంటే నా దగ్గర ఉన్నట్టే. అందుకని ఆ ఫోల్డరు మొత్తం ఇక్కడ తీసేశాను. చెత్తబుట్ట బొమ్మ కూడా ఖాళీ చేశాను. సాయంత్రానికి పీలికల బుట్ట దులపకుండా నేనెప్పుడైనా కొట్టు మూశానా! ఇప్పుడు కంప్యూటరు గాలిలా ఉంది. ఎవరి కోటన్నా కుట్టాల్సి వస్తే నీకు రాస్తాను, నువ్వు అక్కడ ప్రింటు తీసి పోస్టు చేద్దువుగాని. కూతురు ఉండి పనికొచ్చేది ఇందుకే.

చొక్కాల సంగతి నువ్వు రాసేలోపే అయిపోయింది తల్లీ. లిఫ్టాయనకి ఇచ్చేశాను. కుడి చెయ్యి పొట్టి కాబట్టి ఆ ఒక్క చెయ్యి దిద్ది ఇచ్చాను. "కటింగ్ మాస్టారి చొక్కా వేసుకున్న రోజున లిఫ్టు కూడా ఆగకుండా పోతుందమ్మా" అంటాడు. ఒకటి మాత్రం నీకోసం ఉంచాను, గళ్లది.

నీకు ఎంత రుణపడ్డానో. నువ్వు లేకపోతే ఆ మబ్బులు చూసి కొట్టుకి తాళం వేసేదాన్ని.

నీ అమ్మ


ఫిబ్రవరి 19

అమ్మా,

ఉదయం డ్యూటీకి వెళ్లేముందు లాప్‌టాప్ తీశాను. అన్నయ్య ఫోల్డరు లేదు. నిన్నటిదాకా ఉంది. ఇవాళ లేదు. చీటీలు కూడా లేవు.

నువ్వేమైనా చేశావా? చేస్తే ఎందుకు చేశావు? వాడి పేర్లు చూడలేకపోతున్నావా? అలాగైతే నాతో ఒక్క మాట అనాల్సింది. నాకూ అన్నయ్యే కదమ్మా. నాకు మిగిలింది అదొక్కటే. రోజూ తెరవను, కానీ ఉందని తెలిస్తే చాలు, పనికి పోగలిగేదాన్ని.

నీకు ఫోనులో చెప్తే వినపడదని జిరాక్సు ఆయనకి చేశాను. కంప్యూటరు ముట్టుకోవద్దని చెప్పమన్నాను. నిజంగానే ముట్టుకోకు. ఇక రాయలేను.

గువ్వ


ఫిబ్రవరి 23

గువ్వా,

జిరాక్సు తమ్ముడు మెట్లెక్కి వచ్చి, "అక్కా, మీ అమ్మాయి నిన్ను కంప్యూటరు ముట్టుకోవద్దంది. గొంతు బాగా కోపంగా ఉంది" అని గట్టిగా అరిచి చెప్పాడు. టీచరుగారు అక్కడే ట్రయల్ చూసుకుంటున్నారు. ఆవిడ ముందు నా తల కొట్టేసినట్టయింది. నాకు చదువు రాదని నా చెయ్యి తగలకూడదా అని మనసులో అనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను.

నేను తీసింది నా దగ్గరున్నవే. నీవి నేను తాకలేదు. ఇక్కడ నేను నా కాగితం చింపుకుంటే అక్కడ నీ బీరువాలో కాగితం చిరుగుతుందా? ఇదెక్కడి న్యాయమే? నీ దగ్గర పదిలంగా ఉంటాయన్న ధైర్యంతోనే కదా తీశాను. వాడి గీతలు చూడలేక తీస్తానా? వాడి గీత కనపడితే ఆ పూట నాకు ఊపిరి ఆడేది.

కంప్యూటరు మీద దుప్పటి కప్పేశాను. ముట్టుకోను. లిఫ్టాయన కోటుకి వస్తే, కొలతలు పోయాయి నాయనా అని చెప్పాను. తలుపు దగ్గరగా వేసి, చొక్కా విప్పి, "కొలవండమ్మా" అని చెయ్యి చాపాడు. నాకు టేపు పట్టుకోవడం చేతకాలేదు. రేపు రమ్మన్నాను.

ఒకటి చెప్తాను. నువ్వు కోపంలో రాసిన ఉత్తరమే అయినా, వచ్చినందుకు సంతోషించాను. కోపమొచ్చినా కబురు చేసే పిల్ల నాకు మిగిలింది. నన్ను క్షమించు అని రాయడానికి కూడా భయంగా ఉంది. పోయినవి పోనీ, నువ్వు మాత్రం మాట మానెయ్యకు.

అమ్మ


ఫిబ్రవరి 27

అమ్మా, అమ్మా, అమ్మా,

దొరికాయి! అన్నీ దొరికాయి! ఒక్కటి కూడా పోలేదు!

నెమ్మదిగా చెప్తాను. నీ పద్దెనిమిదో తారీఖు ఉత్తరం, నా కోపం ఉత్తరం పోస్టులో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నీది అందాక తెలిసింది తప్పు ఎక్కడుందో. తప్పు నాది. 'నా దగ్గర కూడా ఉన్నాయి' అని రాశాను చూడు, అది.

మన ట్రయల్ చూసేచోట ఎదురెదురుగా రెండు అద్దాలున్నాయి కదా. రెండింటిలోనూ కోటు కనిపిస్తుంది. అంటే రెండు కోట్లున్నట్టు కాదు. కోటు విప్పేస్తే రెండు అద్దాల్లోనూ పోతుంది. నీ కంప్యూటరూ నా లాప్‌టాపూ అద్దాలు. కోటు పైన ఉంది. నువ్వు అక్కడ తీసేస్తే పైన తీసేసినట్టు, కాబట్టి నా దగ్గరా పోయింది. చోటు కావాలంటే 'తీసెయ్యి' నొక్కకూడదు, 'స్థలం ఖాళీ చెయ్యి' అని ఉంటుంది, అది నొక్కాలి. అది కోటుని పైకి పంపి చీటీ ఉంచుతుంది. ఈ తేడా నీకు చెప్పకుండా, నిన్ను అన్నాను.

నువ్వు బుట్ట కూడా ఖాళీ చేశానని చదివి, ఇక దారి లేదనుకున్నాను. ఆ రోజు ల్యాబులో పరీక్ష అయిపోయిన రక్తం సీసాలు ఫ్రిజ్జులో సర్దుతున్నాను. మేము వాటిని వెంటనే పారబొయ్యం, డాక్టరు మళ్లీ అడుగుతాడేమోనని కొన్నాళ్లు ఉంచుతాం. సర్దుతూ సర్దుతూ ఆగిపోయాను. మేమే అలా ఉంచితే, అంత పెద్ద గోదాం వాళ్లు ఉంచరా? గదికొచ్చి ఆ గోదాం వెబ్‌సైటు తెరిచి వెతికాను. ఉంది! నువ్వు ఖాళీ చేసింది నీ కంప్యూటరు బుట్ట. పైన ఇంకో బుట్ట ఉంటుంది. తీసేసినవి అందులో నెల దాకా ఉంటాయట. అన్నయ్య ఫోల్డరు అందులో ముడుచుకుని కూర్చుంది. 'తిరిగి పెట్టు' నొక్కాను. ఒక్కొక్క పేరూ నడుచుకుంటూ వచ్చినట్టు వచ్చాయి. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. పక్క గదిలోనే ఉండే మా పెద్ద టెక్నీషియను వచ్చి, "మళ్లీ ఉత్తరమా?" అంది.

దుప్పటి తియ్యి. ముట్టుకో. నీ ఇష్టమొచ్చినట్టు ముట్టుకో. లిఫ్టాయనని చొక్కా వేసుకోమను.

నిన్ను అలా అన్నందుకు నా నోరు పడిపోను. గళ్ల చొక్కా ఉంచినందుకు ఏమని చెప్పను.

నీ గువ్వ


మార్చి 9

నా చిట్టి గువ్వా,

నీ ఉత్తరం పట్టుకుని జిరాక్సు తమ్ముడికీ, టీచరుగారికీ, లిఫ్టాయనకీ వరసపెట్టి చదివి వినిపించాను. "అమ్మయ్య, అయితే నేను విప్పనక్కర్లేదు" అన్నాడు లిఫ్టాయన. టీచరుగారు తన కోటు వేసుకుని ఆఖరి రోజు బడికి వెళ్లొచ్చారు. పిల్లలంతా "టీచర్, ఇవాళ నిటారుగా ఉన్నారు" అన్నారట. ఆవిడ అది చెప్తూ నవ్వారు, తర్వాత కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ పైబుట్ట పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని, వాడి తల్లి కడుపు చల్లగుండాలి. పారేసినా వెంటనే పారెయ్యకుండా దాచాలన్న ఆలోచన ఎవరికొస్తుంది చెప్పు? నాలాంటి వాళ్లు ఉంటారని ముందే ఎరిగిన వాళ్లకి వస్తుంది.

ఇప్పుడు నా కష్టం విను. పెద్దోడు జబ్బు పడకముందు నా కోటుకని నీలం గుడ్డ తెచ్చి అలమారలో పెట్టాడు. ఈసారి వాడు లేడు కదా, నేనే కుట్టుకుందామని 'అమ్మ' ఫైలు తెరిచాను. చూస్తే ఏముంది, వాడు ఏటా చేసే తప్పు గీతలోనే ఉంది! కుడి భుజం ఎడమదాని కంటే బాగా కిందికి గీశాడు. ఇన్నాళ్లూ కుట్టులో తప్పనుకున్నాను. సరే, బిడ్డ తప్పు తల్లి దిద్దకపోతే ఎవరు దిద్దుతారని, ఎడమ భుజం ఎంతుందో కుడి భుజాన్నీ అంతే పైకి లాగి పెట్టాను. ఇన్నాళ్లకి నాకూ ఒక గీత గియ్యడం వచ్చింది. 'సేవ్' అని ఎక్కడా నొక్కలేదు, మూసేసి మర్నాడు తీస్తే అలాగే ఉంది. దానంతట అదే దాచుకుంటుంది కాబోలు. మంచిదే.

కోసి కుట్టాను. వేసుకుంటే కాలరు మెడకి ఆనకుండా లేచి నుంచుంది. మెడ నుంచి కుడి చంక దాకా పెద్ద ముడత. విప్పి మళ్లీ కుట్టాను. అదే ముడత. ఇస్త్రీ పెట్టె బరువంతా వేసి నొక్కాను. అదే ముడత. వాడి వంకర కోటు ఒంటిమీద ఒక్క ముడత లేకుండా కూర్చుంటుంది. నా తిన్నని కోటు ఇలా ఏడ్చింది.

గువ్వా, నిజం రాస్తున్నాను. వాడు పోయాక నా చెయ్యి పోయింది. గీత తిన్నగా ఉండి, గుడ్డ మంచిదై, కుట్టు వంకరపోతే ఇంకేం అనుకోవాలి? నా కోటే నేను కుట్టుకోలేనిదాన్ని ఊరివాళ్లవి ఏం కుడతాను? వాళ్లు జాలిపడి పాడైన బట్ట వేసుకోకముందే కొట్టు మూసెయ్యడం మర్యాద. పై నెల నుంచి కొత్తవి ఒప్పుకోవద్దు అనుకుంటున్నాను. నువ్వు బాధపడకు. మిషను నీకు పంపిస్తాను, చిరుగులకి పనికొస్తుంది.

మీ అమ్మ


మార్చి 14

అమ్మా,

కొట్టు మూయకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు ఎవరికీ ఏమీ చెప్పకు.

నువ్వు ఫైలు మార్చావని నీ ఉత్తరం రాకముందే నాకు తెలుసు. నా దగ్గర 'అమ్మ' పేరు పక్కన కొత్త తేదీ పడింది. నీ ఉత్తరం అందాక, నువ్వు మార్చినది వెనక్కి తిప్పవచ్చేమోనని చూశాను. ఈ ఫైళ్లకి ఇంకో గుణం ఉందమ్మా. మార్చిన ప్రతిసారీ కొత్తది దాచుకుంటుంది, కానీ పాతదాన్నీ పారెయ్యదు. 'పాత రూపాలు' అని ఒక చోట ఉంటాయి, తేదీలతో సహా. అది తెరిస్తే అన్నయ్య నీ కోటు గీసిన ప్రతి ఏడాదీ ఉంది.

నాకు మీ గీతలు చదవడం రాదు. అందుకని అన్నీ ప్రింటు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ల్యాబు కిటికీ అద్దానికి ఆనించి చూశాను. మెడ కలిసింది. ఎడమ భుజం కలిసింది. నడుము కలిసింది. కుడి భుజం ఒక్కటే కలవలేదు. మొదటి ఏడు రెండు భుజాలూ సమానంగానే ఉన్నాయి. తర్వాత ఏడు కుడిది ఒక వెంట్రుక కిందికి. ఆ తర్వాత ఇంకొంచెం. ఏటా ఇంకొంచెం. మెట్లు దిగినట్టు దిగింది.

అది తప్పు కాదమ్మా. తప్పయితే ఒకసారి వస్తుంది, అంత వరసగా దిగదు. దిగింది నీ భుజం. ఇన్నేళ్లు కుడి చేత్తో గుడ్డ లాగి, ఆ చేత్తోనే బరువు ఇస్త్రీ పెట్టె తోసి, నీ కుడి భుజం దిగిపోయింది. అన్నయ్య చూశాడు. చెప్తే బాధపడతావని చెప్పలేదు. నిన్ను కొలవనూ లేదు. కళ్లతో చూసి దిద్దుకున్నాడు. నీ కోటు వాడే కుడతానని పట్టుపట్టింది ఇందుకే. నువ్వు కుడితే నీకు తెలిసిపోతుంది.

ఇంకొకటి. వాడి చివరి రూపం తేదీ చూశాను. ఆసుపత్రిలో ఉన్నప్పటిది. ఆ రోజు గుర్తుందా? నువ్వు స్టూలు మీద కూర్చుని ఎవరిదో కోటుకి కాజాలు కుడుతున్నావు. నర్సు "ఇది ఆసుపత్రి అండీ, టైలరు కొట్టు కాదు" అంది. అన్నయ్య "అమ్మా, వెలుగు నీ కళ్లలో పడుతోంది, అటు తిరిగి కూర్చో" అని నీ వీపు తనవైపు తిప్పించుకున్నాడు. నన్ను లాప్‌టాప్ అడిగాడు. పాత ఫోటోలు చూసుకుంటున్నాడు అనుకున్నాను. నీ భుజం చూసి ఈ ఏటి కోటు గీశాడమ్మా. ఆ నీలం గుడ్డకి.

వాడి చివరి రూపాన్నే తిరిగి పెట్టాను. ఇప్పుడు నీ కంప్యూటర్లోనూ అదే ఉంటుంది. నువ్వు లాగింది పైకే కాబట్టి గుడ్డ ఎక్కువే ఉంటుంది, తక్కువ కాదు. విప్పి కిందికి కొయ్యొచ్చు కదా? నాకు తెలియదు, నువ్వే చెప్పాలి. అద్దం మీద చూసిన కాగితాలు ఇందులో మడిచి పెట్టాను.

గువ్వ


మార్చి 22

గువ్వా, నా తల్లీ,

నువ్వు పంపిన కాగితాలు మన కిటికీకి ఆనించి చూశాను. నువ్వు గీతలు చదవడం రాదన్నావు గాని, నాకంటే బాగా చదివావు. ఎండ వెనకనుంచి పడుతుంటే అన్ని కోట్లూ ఒకే కోటులా కనబడ్డాయి, ఆ ఒక్క భుజం దగ్గర తప్ప. వేలు పెట్టి ఒక్కొక్క గీత దిగుతూ వచ్చాను.

అయినా నమ్మబుద్ధి కాలేదు. టీచరుగారిని కేకేసి, "చూడండమ్మా, నా భుజం నిజంగా దిగిందా?" అని అడిగాను. ఆవిడ నన్ను కిందా మీదా చూసి, "ఇన్నాళ్లకి అడిగావా! నీకు తెలిసే ఊరుకున్నావనుకున్నాను. రా, నాకొక తోడు దొరికింది" అని పకపకా నవ్వారు. లిఫ్టాయనకీ తెలుసట. జిరాక్సు తమ్ముడికీ తెలుసట. ఒక్కళ్లూ నోరు విప్పలేదు చూడు. ఇన్నేళ్లు ఊళ్లోవాళ్ల వంకరలు నేను దాచాననుకున్నాను. వాళ్లందరూ కలిసి నాది దాచారు.

ట్రయల్ చోట ఆ రెండద్దాల మధ్య అందరినీ నుంచోబెట్టాను గాని, నేనెప్పుడూ నుంచోలేదు. మొన్న నుంచున్నాను. వెనక అద్దంలో నా వీపు కనబడింది. పెద్దోడు రోజూ చూసిన వీపు.

నువ్వు అడిగినదానికి జవాబు. కొయ్యొచ్చు. ఎక్కువున్న గుడ్డని ఎప్పుడైనా కొయ్యొచ్చు, తక్కువైతేనే ఏమీ చెయ్యలేం. విప్పి, వాడి ఆఖరి గీత మీద పెట్టి, సుద్ద గీసి కోశాను. కుట్టి వేసుకున్నాను. కాలరు మెడకి ఆనింది. ముడత లేదు. నా చెయ్యి బాగానే ఉందే గువ్వా. వాడి గీతని నేనే నమ్మలేదు, అంతే. కొట్టు తీసే ఉంటుంది. పొడుగాయన రెండు చొక్కాలకి గుడ్డ ఇచ్చి వెళ్లాడు, ఒప్పుకున్నాను.

వాడు లేడని రోజుకోసారి గుర్తొస్తుంది. కానీ పొద్దున్నే ఆ కోటు తొడుక్కుంటుంటే, ఎవరో వెనక నుంచి పట్టుకుని వేసినట్టు ఉంటుంది. అంత బాగా చూసుకున్న కొడుకుని కన్నాను. వాడు చూసింది నాకు చూపించిన కూతుర్ని కన్నాను. ఇంకేం కావాలని అడగను?

ఒక ఏర్పాటు చేసుకుందాం. పై ఏడు నా భుజం ఇంకొంచెం దిగుతుంది. టీచరుగారు చూసి చెప్తానన్నారు. అప్పుడు 'అమ్మ' ఫైలు తెరిచి కుడి భుజం నేనే కిందికి దించుతాను. నీ దగ్గర పేరు పక్కన కొత్త తేదీ పడుతుంది. అది చూసి, అమ్మ మిషను దగ్గరే ఉంది, పని చేస్తోంది అనుకో. నేను తీసేశానేమోనని మాత్రం భయపడకు. ఇక ఏదీ తియ్యను. 'స్థలం ఖాళీ చెయ్యి' అనేదే నొక్కుతాను, అదీ నీకు రాసి జవాబు వచ్చాకే.

గళ్ల చొక్కా ఇస్త్రీ చేసి కాగితంలో చుట్టి పంపుతున్నాను. నీ ఒంటికి తగ్గట్టు నడుము దగ్గర కొంచెం లోపలికి తీశాను. నిన్ను కొలవలేదు. కిందటిసారి వచ్చినప్పుడు చూశాను, చిక్కిపోయావు.

నీ అమ్మ

ల్యాబు పనిలో పడి పూట దాటెయ్యకు. వేళకి కూర్చుని, కడుపునిండా తిను.